శారదమ్మకు ఎనభై

తెనాలి మనిషి దగ్గర సినిమా కబురు ఎత్తితే చాలు, వేళ్లు మడవడం మొదలుపెడతాడు. కాంచనమాల మా వైపే, డాక్టర్ గోవిందరాజుల సుబ్బారావు మా ఊరాయనే, సావిత్రిది చిర్రావూరు, జగ్గయ్యది మోరంపూడి, జమున పెరిగింది దుగ్గిరాలలో, కృష్ణది బుర్రిపాలెం అంటూ ఒక చెయ్యి అయిపోయి రెండో చేతికొస్తాడు. ఆ రెండో చేతి దగ్గర కాస్త ఆగి, గొంతు సవరించుకుని, ‘ఇక శారద సంగతంటారా...’ అంటాడు. అంతవరకూ చెప్పిన పేర్లన్నీ మనవాళ్లు మనలో గెలిచినవాళ్లవి. ఈ పేరు మాత్రం పరాయి భాషలోకి వెళ్లి, అక్కడివాళ్ల చేత మా అమ్మాయే అనిపించుకున్న మనిషిది.

సరస్వతీదేవి అనే ఆ అమ్మాయి తెనాలిలో 1945 జూన్ 25న పుట్టింది. 2025 జూన్ 25తో ఎనభై నిండాయి. మన ఇళ్లలో ఎనభై అంటే ఆషామాషీ కాదు. వెయ్యి పున్నములకు చేరువైన వయసు. పిల్లలూ మనవలూ చేరి, పీటల మీద కూర్చోబెట్టి, కొత్తబట్టలు పెట్టి, కాళ్లకు దణ్ణం పెట్టుకునే వయసు. ఆమె సినిమాలు చూసి పెరిగినవాళ్లందరం ఆ లెక్కన బంధువులమే కాబట్టి, మా వంతు అక్షింతలు ఇలా వేస్తున్నాం.

శారద గురించి రాసేవాళ్లు మూడు జాతీయ అవార్డుల దగ్గర మొదలుపెడతారు. నేనూ అక్కడికి వస్తాను. అంతకంటే ముందు చెప్పాల్సిన వింత ఒకటుంది. ఏ భాష ఆమెను శిఖరం మీద కూర్చోబెట్టిందో, ఆ భాషలో ఆమె గొంతు మనకు వినపడదు. మలయాళంలో ఆమె చేసిన ఎన్నో సినిమాల్లో మాట్లాడింది టి.ఆర్. ఓమన అనే నటి. తెర మీద పెదవులు శారదవి, మాట ఓమనది. నటికి సగం ఆస్తి గొంతే అంటారు కదా, ఆ సగాన్ని ఇంట్లో వదిలేసి వెళ్లి, మిగతా సగంతో దేశంలోకెల్లా ఉత్తమ నటి అనిపించుకోవడం ఎలాంటి పని? కళ్లూ, మెడ తిప్పే తీరూ, చెంగు పట్టుకునే చెయ్యీ, ఇవే ఆమె పెట్టుబడి. శారద నటన అంటే ఏమిటని ఎవరైనా అడిగితే, గొంతు లేకుండా గెలిచిన నటన అని చెప్పాలనిపిస్తుంది. ఆ గొంతును వాడుకున్నది మనం, తెలుగువాళ్లం. వాడుకున్న తీరు గురించి చిన్న ఫిర్యాదు కూడా ఉంది, దాన్ని చివర్లో చెబుతాను.

చిన్నప్పుడే మద్రాసు చేరిన అమ్మాయి ఆమె. ఆరేళ్లకే కాళ్లకు గజ్జెలు కట్టించారు. 1955లో పి. పుల్లయ్య తీసిన ‘కన్యాశుల్కం’లో బాలనటిగా కనిపించింది. అందులో లుబ్ధావధాన్లు వేసింది తెనాలి డాక్టరు గోవిందరాజులవారే. ఊరి పెద్దమనిషీ ఊరి పిల్లా ఒకే సినిమాలో పడ్డారన్నమాట. తర్వాత ఎల్.వి. ప్రసాద్ దగ్గర శిక్షణ. సరస్వతీదేవి అనే పేరుతో అప్పటికే మరో నటి ఉండడంతో పేరు శారద అయింది. పేరు మారినా అమ్మవారు మారలేదు.

ఆ రోజుల్లో నాటకాల అనుభవం కూడా తోడైంది. నాగభూషణం ఊరూరా తిప్పిన ‘రక్తకన్నీరు’ నాటకంలో ఆమె వేషం వేసింది. ఆ నాటకం సంగతి పాతతరానికి వేరే చెప్పక్కర్లేదు. మైకు ముందు నిలబడి వేలమందికి వినపడేట్టు చెప్పాలి, జనం ఈల వేస్తే ఆగాలి, ఆగి మళ్లీ అందుకోవాలి. 1961లో ఆదుర్తి సుబ్బారావు ‘ఇద్దరు మిత్రులు’ సినిమాతో జనానికి శారదగా పరిచయమైంది. ఆ తర్వాత కొన్నేళ్లు మనవాళ్లు ఆమెకు ఇచ్చినవి చెల్లెలి పాత్రలు, హాస్యపు జోడీలు. నవ్వించే పిల్ల అని ముద్ర పడింది. తర్వాతి కాలంలో కేరళ దేశమంతా ‘దుఃఖపుత్రి’ అని పిలుచుకోబోయే అమ్మాయిని మనం హాస్యానికి పెట్టుకున్నాం. ఎవరిలో ఏముందో పక్కింటివాళ్లకే ముందు తెలుస్తుందంటారే, అది నిజం.

పక్కింటివాళ్లు అంటే నిజంగా పక్కింటివాళ్లే. అప్పట్లో మలయాళ సినిమా చాలావరకు కోడంబాకంలోనే తయారయ్యేది. ఆలప్పుళలో ఉదయా స్టూడియో, తిరువనంతపురంలో మెరీల్యాండ్ ఉన్నా, మిగిలినవాళ్ల పనంతా మద్రాసులోనే. ఒక ఫ్లోరులో తెలుగు సినిమా, పక్క ఫ్లోరులో తమిళం, ఆ పక్కన మలయాళం. ఉదయా అధినేత కుంచాకో 1965లో ‘ఇణప్రావుగళ్’ తీస్తూ ఆమెను పిలిచాడు. అదే ఏడాది ఎ. విన్సెంట్ దర్శకత్వంలో ‘మురప్పెణ్ణు’ వచ్చింది. ఎం.టి. వాసుదేవన్ నాయర్ రాసిన మొట్టమొదటి స్క్రీన్‌ప్లే అది. ఈ విన్సెంట్ మనకు కొత్తవాడు కాడు. 1971లో వచ్చిన మన ‘ప్రేమనగర్’కు కెమెరా పట్టింది ఆయనే. మనిషి ముఖం మీద వెలుగు ఎక్కడ పడితే ఏ భావం బయటికొస్తుందో ఎరిగినవాడు. శారద ముఖాన్ని ముందుగా చదివినవాడు ఆయనే అని నాకనిపిస్తుంది.

1967లో పి. భాస్కరన్ తీసిన ‘ఇరుట్టిండె ఆత్మావు’ (అదీ ఎం.టి. కథే) చూడండి. ప్రేమ్‌నజీర్ అందులో పిచ్చివాడని ముద్ర పడి గొలుసులతో బంధించబడిన వేలాయుధన్. ఇంట్లో అందరూ అతన్ని విదిలించుకునేవాళ్లే, మేనమామ కూతురు అమ్ముక్కుట్టి ఒక్కతే కాస్త దయ చూపుతుంది. ఆ అమ్ముక్కుట్టి శారద. మరుసటి ఏడాది ‘యక్షి’. అక్కడ ఇంకో తరహా. ప్రమాదంలో ముఖం కాలిన ప్రొఫెసరుకు (సత్యన్) ఒక అందమైన అమ్మాయి దొరుకుతుంది. ఆమె మనిషేనా, యక్షిణా అన్న అనుమానం అతన్ని తినేస్తుంది. మనల్నీ తినేస్తుంది. శారద నవ్విన ప్రతిసారీ అది మామూలు ఇల్లాలి నవ్వో కాదో తేలదు. ఏడిపించడమే ఆమెకు తెలుసనేవాళ్లకు ఈ సినిమా చూపించాలి.

ఆ 1968లోనే ‘తులాభారం’ వచ్చింది.

తోప్పిల్ భాసి రాసిన నాటకం అది. కె.పి.ఎ.సి. అనే వామపక్ష నాటక సమాజం కోసం రాసింది. దాన్ని విన్సెంట్ సినిమాగా తీశాడు. విజయ అనే అమ్మాయి కలవారింటి పిల్ల. తండ్రి కోర్టు వ్యవహారంలో దివాళా తీసి పోతాడు. కూలి చేసుకునే రామును పెళ్లి చేసుకుంటుంది. కార్మికుల సమ్మెలో అతన్ని చంపేస్తారు. ఇంట్లో పిల్లలు ఆకలితో అల్లాడతారు. పొయ్యి మీద పెట్టడానికి ఏమీ ఉండదు. చివరికి పిల్లలకు విషం పెట్టి తానూ తాగుతుంది. పిల్లలు పోతారు, తను మాత్రం బతుకుతుంది. అదీ శిక్ష. కోర్టులో ఆమె మీద కేసు వాదించే ప్రభుత్వ వకీలు ఒకనాటి ప్రాణస్నేహితురాలు. అప్పటికి శారదకు ఇరవై మూడేళ్లు. అంత వయసు పిల్ల, కడుపున పుట్టినవాళ్లకు చేతులారా విషం పెట్టిన తల్లిగా నిలబడింది.

ఆ కథను ఇంకెవరి చేతిలోనైనా పెడితే గుండెలు బాదుకునే ఏడుపు వచ్చేది. శారద ఏం చేసిందంటే, దెబ్బ మీద దెబ్బ పడేకొద్దీ కదలిక తగ్గించుకుంటూ పోయింది. మొదట్లో కళకళలాడే పిల్ల. పెళ్లయ్యాక పనిలో వేగం కనిపిస్తుంది. భర్త పోయాక ఆ వేగమూ ఉండదు. ఆకలి రోజుల్లో ముఖం మీద ఇక ఏమీ ఉండదు. ఆ ఏమీ లేకపోవడం చూసేసరికి హాల్లో కూర్చున్నవాళ్లకు గుండె పట్టేస్తుంది. కన్నీళ్లు ఆమె పెట్టుకుంటే ఆమెవే అవుతాయి, ఆమె ఆపుకుంటే మనకొస్తాయి. ఈ లెక్క ఆమెకు ఆ వయసులోనే ఎలా పట్టుబడిందో గానీ, ఆ ఏటి జాతీయ ఉత్తమ నటి పురస్కారం ఆమెను వరించింది. అప్పట్లో ఆ అవార్డు పేరు ‘ఊర్వశి’. అంతకు ముందు ఏడాదే పెట్టారు, మొదటిది నర్గీస్‌కు వెళ్లింది. రెండోది మన తెనాలికి వచ్చింది. అప్పటినుంచి ఆమె పేరుకు ముందు ‘ఊర్వశి’ ఇంటిపేరులా అతుక్కుపోయింది.

‘తులాభారం’ అక్కడితో ఆగలేదు. తమిళంలో అదే పేరుతో వచ్చింది. తెలుగులో వి. మధుసూదనరావు దర్శకత్వంలో 1969లో ‘మనుషులు మారాలి’గా వచ్చింది. 1970లో హిందీలో ‘సమాజ్ కో బదల్ డాలో’ అయింది. నాలుగింటిలోనూ ఆ తల్లి శారదే. మిగతా పాత్రలకు భాషకో నటుడు దొరికాడు, ఈ పాత్రకు మాత్రం ఇంకో ఆడమనిషి దొరకలేదు. ఒక్కసారి పిల్లలకు విషం పెట్టడం నటించడమే కష్టం. నాలుగు భాషల్లో, నాలుగు సెట్లలో, నలుగురు వేర్వేరు భర్తలను పోగొట్టుకుని ఆ పని చేయాలంటే ఆ రాత్రుళ్లు ఎలా నిద్రపట్టి ఉంటుందో.

‘మనుషులు మారాలి’ మన దగ్గర పెద్ద విజయం. శోభన్‌బాబు జాతకం మలుపు తిరిగింది కూడా అక్కడే. హాస్యపు జోడీగా తప్ప ఎరగని పిల్లను తెలుగు ప్రేక్షకుడు కొత్తగా చూశాడు. ఇంట్లో పుట్టిన పిల్లకు పొరుగూరిలో సన్మానం జరిగితే తప్ప మనం కుర్చీ వెయ్యం, ఆ మాట ఒప్పుకోవాలి. అయినా వేశాం, ఆలస్యంగానైనా గట్టి కుర్చీయే వేశాం.

కేరళ మాత్రం అప్పటికే ఆమెను వదిలే స్థితిలో లేదు. 1970లో ‘త్రివేణి’, ‘తార’ చిత్రాలకు కేరళ ప్రభుత్వం ఉత్తమ నటిగా ఎంచుకుంది. 1972లో ఒక కుర్ర దర్శకుడు వచ్చాడు. పేరు అడూర్ గోపాలకృష్ణన్. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చదివి, సహకార సంఘం పెట్టి, మొదటి సినిమా తీయడానికి నానా తిప్పలు పడుతున్నవాడు. పాటలు లేవు, డాన్సు లేదు, స్టూడియో సెట్లు లేవు. అలాంటి సినిమాకు అప్పటికే పెద్ద తారలైన శారద, మధు కావాలనుకున్నాడు. వాళ్లు ఒప్పుకున్నారు. ఆ సినిమా ‘స్వయంవరం’.

కథ ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. పెద్దల మాట కాదని ఒకటైన విశ్వం, సీత బస్సెక్కి నగరానికి వస్తారు. మొదట మంచి హోటల్లో దిగుతారు. డబ్బు కరిగేకొద్దీ చిన్న లాడ్జికి, అక్కణ్ణుంచి పేదల వాడలో ఒక చిన్న ఇంటికి మారతారు. విశ్వం రాసిన నవల అచ్చు కాదు. దొరికిన ఉద్యోగాలు నిలవవు. బిడ్డ పుడుతుంది. విశ్వం జబ్బుపడి పోతాడు. ఇప్పుడు సీత ఏం చేయాలి?

మొదట్లో వచ్చే ఆ బస్సు ప్రయాణం చాలాసేపు నడుస్తుంది. మాట ఉండదు. సీత కిటికీలోంచి బయటికి చూస్తుంది, విశ్వం వైపు చూస్తుంది, మళ్లీ బయటికి. కొత్తగా కాపురం మొదలుపెట్టబోయే పిల్ల కళ్లలో ఉండే వెలుగూ, ఇల్లు వదిలొచ్చిన పిల్ల కళ్లలో ఉండే బెదురూ రెండూ ఆ చూపులోనే ఉన్నాయి. సినిమా అంతా అయ్యాక, చంటిబిడ్డతో ఒంటరిగా ఉన్న సీత మూసిన తలుపు వైపు చూస్తూ ఉండగా కథ ముగుస్తుంది. పుట్టింటికి పోతుందా, ఇంకెవరి నీడనైనా చేరుతుందా, తన కాళ్ల మీద నిలబడుతుందా, దర్శకుడు చెప్పడు. ఆ చూపు మీదే వదిలేస్తాడు. మొదటి చూపుకూ ఆ చివరి చూపుకూ మధ్య ఎంత జీవితం గడిచిందో మనం కొలుచుకోవాలి. ఇంత భారం ఒక నటి కళ్ల మీద పెట్టడానికి దర్శకుడికి ధైర్యం కావాలి, మోయడానికి నటికి సత్తా కావాలి. ఆ ఏటి జాతీయ అవార్డుల్లో ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకుడు, ఛాయాగ్రహణం (మంకడ రవివర్మ), ఉత్తమ నటి, నాలుగూ ‘స్వయంవరం’ పట్టుకుపోయింది. శారదకు రెండో ఊర్వశి.

అడూర్ ఆమెను మళ్లీ పిలిచింది 1981లో ‘ఎలిప్పత్తాయం’ కోసం. పేరుకు ఎలుకలబోను. కాలం చెల్లిన జమీ ఇల్లు, అందులో ఏ పనీ చేయని అన్న ఉణ్ణి, అతనికి చాకిరీ చేసే చెల్లెలు రాజమ్మ. వచ్చిన సంబంధాలన్నీ అన్న కాదంటాడు. ఆస్తిలో వాటా పోతుందని ఒకటి, వేడినీళ్లు పెట్టేవాళ్లు పోతారని ఇంకోటి. రాజమ్మ ఎదురు చెప్పదు. నీళ్లు మోస్తుంది, వండుతుంది, ఇల్లు చిమ్ముతుంది. శారదకు ఇందులో మాటలు చాలా తక్కువ. కానీ వంగిన వీపు చూస్తే చాలు, ఆ ఇంట్లో ఎన్నేళ్లుగా ఆ పని చేస్తోందో తెలుస్తుంది. చివరికి నొప్పితో మెలికలు తిరుగుతున్నా అన్న కదలడు, ఇరుగుపొరుగు వాళ్లు మోసుకుపోవాలి. ఆ సినిమాకు 1982లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వారి సదర్లాండ్ ట్రోఫీ వచ్చింది. అవార్డు సినిమాకే వచ్చినా, నా దృష్టిలో అందులో సగం రాజమ్మదే. తారగా వెలిగిన మనిషి, ముప్పై అయిదు దాటాక, నలిగిన ముండు బట్టతో, పూసుకున్నదేమీ లేని ముఖంతో ఆ వేషానికి ఒప్పుకోవడం ఎంతమందికి చేతనవుతుంది?

ఇక మన ఇంటి సంగతి.

1973లో కె. విశ్వనాథ్ ఆమె పేరుతోనే ‘శారద’ తీశారు. భర్త పోయాడన్న నిజాన్ని మనసు ఒప్పుకోక మతి తప్పిన అమ్మాయి, అచ్చం అతనిలాగే ఉండే డాక్టరు. మతి తప్పిన పాత్ర అనగానే జుట్టు విరబోసుకుని అరిచే రోజుల్లో, శారద ఆ పిల్లను కొత్త పెళ్లికూతురిలా, సంబరంగా చూపించింది. చూసేవాళ్లకు భయం బదులు జాలి కలిగింది. 1975లో దాసరి ‘బలిపీఠం’. రంగనాయకమ్మ నవల. అందులో అరుణ పాత్ర తెలుగులో ఏ నటికైనా కత్తి మీద సామే. బ్రాహ్మణ వితంతువు, జబ్బుతో పోతున్నానని తెలిసి, సుమంగళిగా పోవాలని కోరుకుంటుంది. భాస్కర్ అనే హరిజన యువకుడు ఆదర్శంతో ఆమెను పెళ్లాడతాడు. ఆమె చనిపోదు, కోలుకుంటుంది. అక్కణ్ణుంచి మొదలవుతుంది అసలు కథ. కులం, అలవాట్లు, చిన్నచూపు ఒక్కొక్కటే కాపురంలోకి దిగుతాయి. ప్రేక్షకుడి జాలి పొందడం శారదకు మంచినీళ్లు తాగినంత తేలిక. ఇక్కడ జాలి వద్దనుకుని, ఆ పాత్రలోని అహంకారాన్ని దాచకుండా చూపించింది. కథానాయిక మీద కోపం తెచ్చుకుని హాల్లోంచి బయటికొచ్చిన ఆడవాళ్లు ఉన్నారంటే ఆ ఘనత ఆమెదే. 1977లో ఎన్టీఆర్ ‘దాన వీర శూర కర్ణ’లో ద్రౌపది ఆమే.

ఇవన్నీ ఒకెత్తు, ‘నిమజ్జనం’ ఒకెత్తు. బి.ఎస్. నారాయణ తీసిన సినిమా. తండ్రి అస్థికలు గంగలో కలపడానికి భార్యను వెంటబెట్టుకుని బయలుదేరతాడు ఒక సంప్రదాయపు ఇంటి మనిషి. దారిలో, బండి ప్రయాణంలో, బండివాడు ఆమె మీద అత్యాచారం చేస్తాడు. భర్తకు చెప్పుకోలేదు. అస్థికలు మోస్తున్న పవిత్ర యాత్ర అది, నోరు విప్పితే అంతా కూలిపోతుంది. చెప్పకుండా ఎంతకాలం మోస్తుంది? నన్నడిగితే, మలయాళంలో ఆమె సంపాదించిన మౌనం తెలుగు మాటలోకి మొట్టమొదట ప్రవేశించింది ఇక్కడే. 1978 సంవత్సరానికి జాతీయ ఉత్తమ నటి అవార్డు మూడోసారి ఆమెకే వచ్చింది, ఈసారి తెలుగు సినిమాకు. అప్పటికి దేశంలో మూడుసార్లు ఆ గౌరవం అందుకున్న నటి మరొకరు లేరు. ‘ఊర్వశి’ అన్న పేరు అప్పటికి అధికారికంగా పోయింది, జనం నోట్లోంచి మాత్రం పోలేదు.

తెలుగు సినిమా ఆ తర్వాత ఏం చేసింది? గొంతును కనిపెట్టింది. ‘రక్తకన్నీరు’ వేదికల మీద సానపట్టిన గొంతు కదా, దాన్ని ఎనభైలలో పూర్తిగా వాడుకుంది. ‘సర్దార్ పాపారాయుడు’లో, ‘జస్టిస్ చౌదరి’లో ఎన్టీఆర్ అంతటి కంఠం ముందు తడబడకుండా నిలబడాలంటే ఎవరుండాలి? శారదే ఉండాలి. 1986లో బి. గోపాల్ తొలి సినిమా ‘ప్రతిధ్వని’లో ఖాకీ బట్టలు తొడిగి పోలీసు అధికారి అయింది. అదే ఏడాది ‘అనసూయమ్మ గారి అల్లుడు’లో సినిమా పేరులోనే ఆమె పేరు ముందు, అల్లుడి పేరు వెనక. నలభై దాటిన నటికి టైటిల్లో పెద్దపీట వేసిన సినిమాలు తెలుగులో ఎన్నున్నాయో లెక్కపెట్టి చూడండి, ఒక చేతి వేళ్లు సరిపోతాయి.

ఇదే నా ఫిర్యాదు కూడా. కేరళ ఆమె మౌనాన్ని తీసుకుంది, మనం గొంతును తీసుకున్నాం. ‘నిమజ్జనం’లో రెండూ కలిశాయి, తర్వాత మళ్లీ ఎవరూ కలపలేదు. నిప్పులు చెరిగే తల్లి, న్యాయం కోసం గర్జించే అధికారిణి, ఇవి బాగున్నాయి, కాదనను. ఆమె డైలాగు చెబుతుంటే వెనక బెంచీ కూడా సద్దుమణిగేది. కానీ ఒక రాజమ్మను, ఒక సీతను రాసే కలం మన దగ్గర లేకపోయిందా అంటే, కలాలు ఉన్నాయి, నిర్మాతలకు ఓపిక లేదు. అయినా పండగపూట ఈ గొడవెందుకు, పక్కన పెడదాం.

1996లో తెనాలి ఆమెను మళ్లీ పిలిచింది, ఈసారి ఓట్లతో. తెలుగుదేశం తరఫున పదకొండో లోక్‌సభకు ఎన్నికై వెళ్లింది. ఆ సభ రెండేళ్లు కూడా పూర్తిగా నిలవలేదు, ఆమె రాజకీయం కూడా అంతే. దాని గురించి ఎక్కువ చెప్పడానికేమీ లేదు. చిన్నప్పుడే మద్రాసు వెళ్లిపోయిన పిల్లను ఊరు మా మనిషని పార్లమెంటుకు పంపడం ఒక్కటి మాత్రం ముచ్చటైన సంగతి.

తర్వాతి తరానికి ఆమె అమ్మగా తెలుసు. ‘సంక్రాంతి’లో వెంకటేశ్‌కు అమ్మ, ‘స్టాలిన్’లో చిరంజీవికి అమ్మ, ‘యోగి’లో ప్రభాస్‌కు అమ్మ. ‘యోగి’లో కొడుకును వెతుక్కుంటూ నగరం వీధుల్లో తిరిగే తల్లిని చూస్తే పాత ప్రేక్షకులకు ఎవరు గుర్తొస్తారో వేరే చెప్పాలా? అదే వంగిన వీపు, అదే చూపు. కేరళ కూడా మర్చిపోలేదు. 2005లో కమల్ ‘రాప్పగల్’ తీస్తూ మమ్ముట్టితో సమానమైన బరువున్న పాత్రకు ఆమెనే పిలిచాడు. పెద్దింటి ముసలమ్మ పాత్ర అది. నలభై ఏళ్ల కిందట కుంచాకో పిలిచిన పిల్లను కమల్ పెద్దమ్మగా పిలిచాడు. ఒక భాష ఒక పరాయి నటిని ఇన్నేళ్లు గుర్తుపెట్టుకోవడం మన దక్షిణాదిలో కూడా అరుదే.

ఆమెకు మనం పడ్డ బాకీ ఒకటి తీర్చుకోవచ్చు ఇప్పుడు. ‘నిమజ్జనం’ ఈ తరం పిల్లల్లో ఎంతమంది చూశారు? మంచి కాపీ చేసి, తెనాలిలోనే ఒక హాల్లో తెర మీద వేస్తే, పుట్టినరోజుకు అంతకంటే మంచి కానుక ఉండదు. శాలువాలు ఎన్నో చూసి ఉంటారావిడ.

శారదమ్మా, మీకు ఎనభై ఏళ్ల పండగ శుభాకాంక్షలు. మీకు మేము చేసే నమస్కారంలో తెనాలి ఉంది, ఆలప్పుళ ఉంది, కోడంబాకం ఫ్లోర్లూ ఉన్నాయి. ఆరోగ్యంగా, ఆనందంగా నూరు చూడండి.

పాఠకులకు ఒక మాట. పుట్టినరోజు గౌరవంగా ఇంటిల్లిపాదీ కూర్చుని ఆవిడ సినిమా చూద్దామని ముచ్చటపడతారేమో, ఒక చిక్కుంది. ‘మనుషులు మారాలి’ పెడితే పాయసం గిన్నెలు పక్కన పెట్టేస్తారు. ‘బలిపీఠం’ పెడితే సినిమా అయ్యాక ఇంట్లో వాదన మొదలవుతుంది. ‘నిమజ్జనం’ పిల్లలు పడుకున్నాక చూడాల్సింది. కాబట్టి పాయసం పూటకు ‘అనసూయమ్మ గారి అల్లుడు’ పెట్టుకోండి. అత్తగారి ఠీవి చూసి హాయిగా నవ్వుకోండి. ‘స్వయంవరం’ సంగతి మర్నాడు చూసుకోవచ్చు.